సంతకం పెట్టేశాక హక్కులన్నీ పోయినట్టేనా?

‘ఈ ఒప్పందంతో ఇరుపక్షాలకూ ఒకరిపై ఒకరికి ఇకపై ఎలాంటి క్లెయిమూ ఉండదు’... చూడ్డానికి ఒక్క వాక్యమే. కానీ డెన్మార్క్‌లో ఉద్యోగం పోతున్న రోజున హెచ్‌ఆర్ మీ ముందు పెట్టే కాగితంలో ప్రాణమంతా ఇందులోనే ఉంటుంది. అదే వాక్యాన్ని బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో కూర్చుని డ్రాఫ్ట్ చేసే ఉద్యోగాలూ ఉన్నాయి. మయెర్స్క్, నోవో నార్డిస్క్ లాంటి డేనిష్ సంస్థలకు మన దేశంలో పెద్ద సెంటర్లున్నాయి కదా! లా చదువుతున్నవాళ్లయినా, కోపెన్‌హాగన్‌లో ఎంఎస్‌కు వెళ్దామనుకుంటున్నవాళ్లయినా దీని సంగతి తెలుసుకోవడం మంచిది.

దీని పేరు జనరల్ రిలీజ్. ఆస్తి పంపకాలప్పుడు మన రిజిస్ట్రార్ ఆఫీసుల్లో రాయించే హక్కు విడుదల దస్తావేజు మీరు చూసే ఉంటారు. ఆలోచన అదే. డెన్మార్క్‌లో మాత్రం దీనికి స్టాంపు పేపరు, సాక్షులు, నోటరీ అక్కర్లేదు. అక్కడ నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది. ‘ఒప్పందాలను నిలబెట్టుకోవాలి’ అనే సూత్రం 1683 నాటి ‘డాన్‌స్కె లోవ్’లోనే ఉంది. రుజువు కోసమే రాతపూర్వకంగా రాసుకుంటారు.

ఫ్రెషర్లు ఎక్కువగా బోల్తాపడేది టెంప్లేట్ల దగ్గర. నెట్‌లో దొరికిన అమెరికన్ రిలీజ్ తెచ్చి, ‘గవర్నింగ్ లా’ దగ్గర డెన్మార్క్ అని మార్చేస్తారు. అందులో కాలిఫోర్నియా సివిల్ కోడ్ 1542వ సెక్షన్ అలాగే ఉండిపోతుంది! ‘ఒక డాలరు ప్రతిఫలంగా’ అనే వాక్యమూ ఉంటుంది. డేనిష్ చట్టంలో ప్రతిఫలం లేకపోయినా ఇచ్చిన మాటకు కట్టుబడాల్సిందే కాబట్టి, ఆ డాలరుతో పనిలేదు.

మరి అసలు పని దేనితో? కాంట్రాక్టుల చట్టం ‘ఆఫ్టాలెలోవెన్’లోని 36వ సెక్షన్‌తో. ఒప్పందం అన్యాయంగా ఉందనిపిస్తే కోర్టు దాన్ని మార్చవచ్చు, కొంతభాగమో పూర్తిగానో పక్కన పెట్టవచ్చు. సంతకం నాటి పరిస్థితులనే కాదు, తర్వాత జరిగినవాటినీ చూస్తుంది. అందుకే పది లైన్లలో ‘ఉన్నవీ, లేనివీ, రాబోయేవీ’ అన్నీ రాసేస్తే రిలీజ్ బలపడుతుందనుకోవద్దు. నా లెక్కలో అది బలహీనపడుతుంది. అర్థం స్పష్టంగా లేని క్లాజును రాసినవారికి వ్యతిరేకంగా చదివే ధోరణి అక్కడి కోర్టుల్లో ఉంది. ఏ వివాదం, ఏ కాలం, ఎంత సొమ్ము, ఏ తేదీకి చెల్లింపు... ఇవి విడివిడిగా రాయండి. గ్రూపులోని ఇతర కంపెనీలకూ వర్తించాలంటే ఆ మాట చెప్పండి. కావాలని చేసిన నష్టాన్నీ, తీవ్ర నిర్లక్ష్యాన్నీ ముందుగానే మాఫీ చేయించుకునే క్లాజు సాధారణంగా నిలవదు.

ఉద్యోగుల విషయంలో ‘ఎప్పుడు’ అన్నది చాలా ముఖ్యం. జీతగాళ్ల చట్టం ‘ఫుంక్షనేర్‌లోవెన్’ కిందికొచ్చే ఆఫీసు ఉద్యోగులను తొలగించాలంటే, సర్వీసును బట్టి ఒక నెల నుంచి ఆరు నెలల నోటీసు ఇవ్వాలి (ప్రొబేషన్ ఒప్పందం ఉంటే తక్కువ). ‘నాకు నోటీసు వద్దు’ అని చేరే రోజున రాయించుకుంటే చెల్లదు. ఏడాదికి 25 రోజుల సెలవు హక్కునూ అలా ముందే వదులుకోలేరు. తొలగింపు జరిగాక, ఇద్దరూ బేరమాడుకుని రాజీ పడటం వేరు. అది సాధారణంగా నిలుస్తుంది. కాబట్టి డ్రాఫ్ట్ చేసేవాళ్లు సెలవు సొమ్ము, పెన్షన్ బకాయిలను ‘ఎలాంటి క్లెయిమూ’ లోపల కలిపేయకుండా, విడిగా లెక్కకట్టి చూపాలి. లేదంటే కంపెనీ మళ్లీ చెల్లించాల్సి రావచ్చు.

ఇక సంతకం పెట్టేది మీరే అయితే? ‘ఇప్పుడే పెట్టండి’ అంటే తొందరపడొద్దు. ‘చదువుకుని చెప్తాను’ అనడం అక్కడ తప్పేమీ కాదు. జీతం బకాయిలకు కాలపరిమితి ఐదేళ్లు, కాబట్టి రెండు రోజులు ఆగితే కొంపలేం మునగవు. కార్మిక సంఘాలకు అక్కడ గట్టి పట్టుంది. ఇంజినీర్ల సంఘం ‘ఐడీఏ’లో విద్యార్థులూ చేరొచ్చు, సభ్యుల కాంట్రాక్టులను సంఘం న్యాయవాదులు చూసిపెడతారు. కాకపోతే కాగితం చేతికొచ్చాక కాదు, ఉద్యోగంలో చేరేటప్పుడే సభ్యత్వం తీసుకోండి.