నేటాలు దేశమున తెలుగు బాప్టిస్టు సంఘము

క్రైస్తవ మిషనుల చరిత్రమును వ్రాయువారు సాధారణముగా ఐరోపా, అమెరికా ఖండములనుండి మన దేశమునకు వచ్చిన బోధకులను గూర్చియే విశేషముగా వ్రాయుదురు. ఆ చరిత్రమున తెలుగువారు వినువారుగాను, పుచ్చుకొనువారుగాను మాత్రమే కానవత్తురు. అయితే తెలుగు సంఘములవారే తమలో నొకనిని సముద్రముల కావలి దేశమునకు బోధకునిగా పంపిన సందర్భ మొకటి కలదు. 1903వ సంవత్సరమున జాన్ రంగయ్యగారు నెల్లూరినుండి దక్షిణాఫ్రికాలోని నేటాలునకు వెళ్లుట యట్టిది. మత చరిత్రమునకే గాక తెలుగు భాష ప్రవాసమున నెట్లు నిలిచెనో, ఏల సడలెనో తెలిసికొనుటకును ఈ వృత్తాంతము మిగుల నుపకరించును.

ఇందలి విశేషము బోధపడవలెనన్న నెల్లూరి పూర్వచరిత్రమును కొంత స్మరింపవలసి యున్నది. అమెరికా బాప్టిస్టుల పక్షమున సామ్యుయేలు డే గారు 1836లో మన దేశమునకు వచ్చి, 1840లో నెల్లూర నివాస మేర్పరచుకొనిరి. పదుమూడేండ్లు గడచినను విశ్వాసులైనవారు కొలదిమందియే. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణమున కూడిన మిషను సభలో ఈ పనిని నిలుపుదుమా, విడిచిపెట్టుదుమా యను చర్చ కలిగినది. అప్పుడు సామ్యుయేలు స్మిత్తు అను కవి నెల్లూరిని ఒంటి నక్షత్రముతో పోల్చి గీతమొకటి రచించెను. పని నిలిచినది. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున లైమన్ జూయెట్ దంపతులును ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండపై ప్రార్థన చేసిరి. 1866లో జాన్ క్లౌ గారు ఒంగోలు చేరిరి. 1876–78 సంవత్సరముల ఘోరక్షామము పిదప, 1878 జూలై 3వ తేదీని ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మూసివేయ దలపెట్టిన మిషనునుండి పుట్టిన సంఘములు, ఆ చర్చ జరిగిన యేబది సంవత్సరములకు సరిగా, తామే పైదేశమునకు బోధకుని పంపగలిగిన వన్నమాట.

ఆ పైదేశమున తెలుగువా రెట్లుండిరి? నేటాలులోని చెరకు తోటలకు పనివారు చాలనందున, మన దేశమునుండి ఒడంబడికపై కూలీలను కొనిపోవుట 1860లో ప్రారంభమయ్యెను. చెన్నపట్టణమున బయలుదేరిన ‘ట్రూరో’ అను ఓడ ఆ సంవత్సరము నవంబరు 16వ తేదీని డర్బను రేవు చేరెను. 1911లో ఈ పద్ధతి ఆగిపోవునప్పటికి 1,52,184 మంది అట్లు వెళ్లియుండిరి. వారిలో చాలమంది చెన్నపట్టణపు రేవునుండి వెళ్లిన దక్షిణాదివారు. విశాఖపట్టణము, గంజాము, గోదావరి, ఉత్తర ఆర్కాడు మున్నగు జిల్లాల తెలుగు కుటుంబములు వారితో కలిసియుండెను. ఒడంబడిక అయిదేండ్లు. మొదటి సంవత్సరమున నెలకు పది షిల్లింగుల కూలి. పిమ్మట ఏటేట నొక్కొక్క షిల్లింగు హెచ్చు. చెరకు తోటలేగాక తేయాకు తోటలును ఉండెను. వానిలో కియర్స్నీ యందలి హ్యూలెట్ దొరగారి తోట ప్రసిద్ధమైనది. మన కథకు ఆ తోటయే నెలవు.

అచ్చటికి చేరిన తెలుగు క్రైస్తవులలో బాప్టిస్టులును ఉండిరి. వారికి గుడి లేదు, బోధకుడు లేడు. ఇచ్చట బాప్టిస్టుల మూలసూత్ర మొకటి గుర్తుంచుకొనవలెను. వారు శిశువులకు బాప్తిస్మ మీయరు. క్రైస్తవుల యింట పుట్టినంతమాత్రమున బిడ్డ సంఘ సభ్యుడు కాడు. వయస్సు వచ్చి, బోధను గ్రహించి, తన విశ్వాసమును తన నోట నొప్పుకొన్న పిదపనే నీట మునిగి సంఘమున చేరును. కావున తల్లిదండ్రుల మతము బిడ్డకు ఆస్తివలె సంక్రమింపదు. తరమునకు తరము దానిని మరల నేర్పి సంపాదించుకొనవలసినదే. బోధకుడున్నచోట ఈ భారమును బోధకుడును పంచుకొనును. లేనిచోట అది యంతయు ఇంటిపైననే పడును. పగలెల్ల తోటలో శ్రమించి వచ్చిన తలిదండ్రులు రాత్రి ప్రార్థనవేళ బిడ్డలకు చెప్పినదే వారి వేదపాఠము. ఆ పాఠము తెలుగున జరిగెను. ఏలయన వారికి వేరొక భాష రాదు.

ఈ పాఠమునకు సాధనములు రెండు. మొదటిది గ్రంథము. లండను మిషనువారైన క్రాను, డెస్ గ్రాంజెసు గారలు 1805లో విశాఖపట్టణము చేరి, ఆనందరాయరు అను పండితుని తోడ్పాటుతో సువార్తలను తెలిగింప నారంభించిరి. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయినది. ఈ యనువాదములవలన పాత మాటలకు క్రొత్త యర్థములు కలిగినవి. బౌద్ధుల కాలమునుండి వచ్చుచున్న ‘సంఘము’ క్రైస్తవ సమాజమునకు పేరయ్యెను. గొఱ్ఱెలను మేపు ‘కాపరి’ ఆత్మలను మేపువాడయ్యెను. రెండవది కీర్తన. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలగు కవులు క్రైస్తవ బోధను పల్లవి, చరణములు గల కీర్తనలుగా మన రాగతాళములలో కూర్చిరి. అక్షరము రానివానికి గ్రంథము మూతపడిన పెట్టె వంటిది. పల్లవి మాత్రము రెండుమారులు వినిన నోటికి వచ్చును. ఓడలో కొనిపోవుటకు కీర్తనకంటె తేలికైన సామాను లేదు.

అయినను బాప్తిస్మ మిచ్చుటకును, ప్రభురాత్రి భోజనము నడపుటకును, సంఘమును క్రమపరచుటకును కాపరి కావలెను. తమకొక కాపరిని పంపుడని కియర్స్నీలోని విశ్వాసులు స్వదేశమునకు మొరపెట్టుకొనిరి. వారి కోరికను చెల్లించినవారు అమెరికావారు కారు; తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీవారు. వారి పంపున రంగయ్యగారు 1903లో సకుటుంబముగా నేటాలు చేరిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 27వ తేదీని కియర్స్నీలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘము స్థాపితమయ్యెను.

ఆ సంఘస్థుల జీవిత మెంత నిలుకడలేనిదో ఒక లెక్కవలన తెలియును. 1895 నాటి చట్టము ప్రకారము, ఒడంబడిక తీరినపిదప స్వదేశమునకు మరలక, మరల ఒడంబడికయు చేసికొనక నిలిచినవారు ఏటికి మూడు పౌనుల పన్ను చెల్లింపవలెను. 1903లో, అనగా రంగయ్యగారు వెళ్లిన యేటనే, పదునారేండ్లు దాటిన కుమాళ్లకును పదుమూడేండ్లు దాటిన కూతుళ్లకును ఈ పన్ను విధింపబడెను. భార్యాభర్తలును, ఈడు వచ్చిన యొక కొడుకును ఒక కూతురును గల యింటికి పన్ను పండ్రెండు పౌనులు, అనగా 240 షిల్లింగులు. పది షిల్లింగుల వంతున ఇది యిరువదినాలుగు నెలల కూలి! ఇట్టి స్థితిలో ఒక్కొక్క కుటుంబము మరల తోటకు కట్టుబడుటో, ఓడ యెక్కుటో, పని వెదకికొనుచు వేరొక యూరికి పోవుటో తప్పకుండెను. నేడు కూడిన సంఘము రేపు చెదరుట సహజము. రంగయ్యగారి పని ఒక్క గుడిలో కూర్చుండి చేయునది కాక, చెదరినవారి వెంట తోటలకును రైలుమార్గపు టూళ్లకును తిరిగి చేయునది యయ్యెను. 1913 నాటి సమ్మె పిదప 1914లో ఈ పన్ను రద్దయినది.

ఆ 1914లోనే నేటాల్ ఇండియన్ బాప్టిస్టు అసోసియేషన్ ఏర్పడెను. సంఘము లన్నియు ఒక్క త్రాటిపై నిలువక రెండు శాఖలైనవి. 1915లో రంగయ్యగారు ఆఫ్రికాలోనే కాలధర్మము నొందిరి. తరువాతి కాలమున వారి కుమారుడు టి. ఎం. రంగయ్యగారు ఆ పనిని చేపట్టిరి. విశ్వాసము తరమునకు తరము సంపాదించుకొనవలసినదను సూత్రమునకు బోధకుని యిల్లే యుదాహరణమైనది.

ఇక భాష సంగతి. నేటాలులో తెలుగువారు తమిళులకంటె తక్కువ. పలువురు వారినందరిని కలిపి ‘మద్రాసీ’లనియే వ్యవహరించిరి. తెలుగును కాపాడుకొనుటకై 1931లో ఆంధ్ర మహాసభ యేర్పడవలసి వచ్చినది. ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున నేటాలు భారతీయుల యిండ్లలో ఇంగ్లీషే మాటాడు భాష యయ్యెను. బాప్టిస్టు సంఘములలోను ఆరాధన క్రమముగా ఇంగ్లీషునకు మారెను.

దీనిని సంఘముయొక్క యుపేక్షగా నెంచుట న్యాయము కాదు. బిడ్డ తాను గ్రహించి తన నోట నొప్పుకొనవలెనను సూత్రమే మొదట తెలుగును నిలిపినది. ఏలయన బిడ్డకు తెలిసిన భాష అదియే. బిడ్డల భాష మారినప్పుడు ఆ సూత్రమే ఆరాధనా భాషను మార్చినది. అర్థము తెలియక వల్లించినను ఫలము గలదని నమ్ము మతములందు పూర్వభాష మంత్రరూపమున నిలువవచ్చును. అర్థమే ప్రాణమను మతమున అట్లు నిలువదు. భాషను నిలుపుటకు భాషాభిమాన మొక్కటే చాలదు, దానితో ఇంట నిత్యము జరుగవలసిన పని యొకటి యుండవలెనని ఈ చరిత్రము తెలుపుచున్నది.

బైబిలు తొలిపుటలపై జనన, వివాహ, మరణముల తేదీలు వ్రాసికొను వాడుక మన క్రైస్తవ గృహములలో కలదు. నేటాలు కుటుంబముల పాత బైబిళ్లను, కీర్తనల పుస్తకములను, సంఘముల చిట్టాలను పరిశీలించి, తెలుగు చేవ్రాలు ఏ తరమున ఆగి, ఇంగ్లీషు చేవ్రాలు ఏ తరమున మొదలయ్యెనో గుర్తించినచో, ప్రవాసాంధ్రుల భాషాచరిత్రమున కంతకంటె నమ్మదగిన యాధారము వేరొండు లేదు. పరిశోధకు లీ విషయమున శ్రద్ధ వహింతురు గాక.