ఊకపొయ్యికి వేడి ఏల తగ్గును?

హైదరాబాదు నుండి వరంగల్లునకు పోవు రైలుమార్గమున ఆలేరు కలదు. ఆ ప్రాంతమున వరి పండును. 100 కిలోల వడ్లు మరపట్టగా సుమారు 20 కిలోల ఊక వచ్చును. గ్యాసు పొయ్యిలు ఇంటింటికి రాకమునుపు ఇట్టి పల్లెలలో ఊకయు వంటచెరకుగా ఉపయోగపడెడిది.

ఊకపొయ్యి నిర్మాణము సులభము. ఇనుప డబ్బా అడుగున ప్రక్కగా ఒక రంధ్రము చేయుదురు. నడుమ ఒక కర్రను నిలువుగను, రంధ్రము గుండ వేరొక కర్రను అడ్డముగను ఉంచి, చుట్టును ఊక దట్టించి, కర్రలను మెల్లగా తీయుదురు. అట్లేర్పడిన దారియే పొయ్యికి ఊపిరి.

ఒక్కొక్కప్పుడు పొయ్యి మండక పొగయుచుండును, ఎసరు కాగదు. అంతట మరికొంత ఊక పోయుట తెలివిగాదు. మొదట ఊకను పిడికిట పట్టి చూడవలెను. చెమ్మగానున్నచో, వేడిలో కొంత ఆ నీటిని ఆవిరిచేయుటకే వ్యయమగును. కావున దానిని ఎండబెట్టవలెను. పిమ్మట గాలిదారిని చూడవలెను. వదులుగా దట్టించిన ఊక కూలి దారిని మూసివేయును. కాలిన ఊకలో దాదాపు ఐదవ వంతు బూడిదగా మిగులును. అదియు గాలిని అడ్డగించును. తుదకు పాత్రను చూడవలెను. అది అంచునకు అతుకుకొనియున్నచో వేడిగాలి వెడలజాలదు. మూడు రాళ్లపై కొంచెము ఎత్తి నిలుపవలెను.

పొగ పెరిగినదనగా వంటచెరకు సరిగా కాలుటలేదని అర్థము. అది వండు తల్లి కన్నులను, ఊపిరితిత్తులను బాధించును. తలుపులు మూసిన గదిలో పుట్టు కార్బన్ మోనాక్సైడు ప్రాణములనే హరింపగలదు.

చలిదేశములందు రంపపుపొట్టును గుళికలుగా అదిమి కాల్చు పొయ్యిలకును ఇదియే న్యాయము: పొడి చెరకు, తెరపియైన గాలిదారి. ఈ రెండును ఉన్నచోటనే మంట నిలుచును.