ఆకాశమున అంచెలు

ఇంటర్నెట్టు అను మాట నేడు మన పల్లెలకు క్రొత్తది కాదు. గుంటూరు మిరపయార్డులో క్వింటాలు ధర యెంతయో, పత్తి యే వెలకు పోవుచున్నదో పిల్లలు సెల్‌ఫోనులో చూచి చెప్పుచున్నారు. ఆ వార్త నేలలోని గాజుతీగ గుండ టవరునకును, టవరునుండి మన చేతికిని వచ్చుచున్నది. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల చెంతనే తీరము దాటినది. అట్టి గాలివానలలో స్తంభములు కూలి, తీగలు తెగినచో వార్త నిలిచిపోవును. ఇట్టి తీగలతో పనిలేక, మింటినుండి నేరుగా మిద్దెపైకి వార్త దిగు విధాన మొకటి కలదు. చిరకాలము బడిలో పాఠములు చెప్పినవాడను గావున, దానిని మన పొలముల పోలికలతోనే మనవి చేసెదను.

టీవీ డిష్షు చూచు ఉపగ్రహము భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నున్నది. అది భూమితో సమముగ తిరుగుటచే నొక్కచోటనే నిలిచినట్లు తోచును. డిష్షు నొకసారి బిగించిన చాలును. కాని దూరము మిక్కుటము. రేడియోతరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవునదే యైనను, మన ప్రశ్న పైకేగి దిగి, బదులు మరల నదే త్రోవను వచ్చుసరికి అరసెకను గడచును. చూచువానికి బాధ లేదు. మాటాడువారికి మాత్రము మాటకు మాట అడ్డుపడును.

ఈ లోపమును తీర్చుటకే ఉపగ్రహములను దిగువకు తెచ్చిరి. స్టార్‌లింక్ వారివి సుమారు 500 కిలోమీటర్ల యెత్తునను, వన్‌వెబ్ వారివి 1,200 కిలోమీటర్ల యెత్తునను తిరుగుచున్నవి. ఈ వన్‌వెబ్ ఉపగ్రహములలో 72 మన శ్రీహరికోటనుండియే ఇస్రోవారి ఎల్‌వీఎం3 రాకెట్టులపై మింటికేగినవి: 2022 అక్టోబరు 23న 36, 2023 మార్చి 26న 36. అయితే దిగువనున్న ఉపగ్రహము నిలువదు. 500 కిలోమీటర్ల యెత్తున నున్నది గంటన్నరకు కొంచె మెక్కువలో భూమిని చుట్టివచ్చును; మన తలపై కొన్ని నిమిషములే యుండును. అందుచే నవి వందలు, వేలుగా కావలసినవి.

పరుగెత్తు ఉపగ్రహమును కదలని పళ్లెము వెంబడించు టెట్లు? స్టార్‌లింక్ పళ్లెములో చిన్న ఏంటెన్నాలు వందలకొలది వరుసలు దీరియున్నవి. మిరపతోటలో మునుము పట్టిన కూలీలను తలచుకొనుడు. అందఱు నొక్కసారి అడుగు వేసిన వరుస తిన్నగా సాగును. ఒక కొసనుండి ఒక్కొక్కరు ప్రక్కవారికంటె రవ్వంత ఆలస్యముగ కదలినచో వరుస యేటవాలై, మొగము ప్రక్కకు త్రిప్పును. తరంగములును అట్లే. ఆ ఆలస్యమును క్షణక్షణము మార్చుచు, పళ్లెము కదలకయే తరంగమును ఉపగ్రహము వెంట త్రిప్పుదురు.

ఇక ఉపగ్రహ మందుకొన్న మాట యెచటికి పోవును? ఇంటర్నెట్టుతో కలిసిన భూకేంద్రమునకు. వన్‌వెబ్ మొదటితరము ఉపగ్రహముల నడుమ లంకె లేదు. కావున ఒక్క ఉపగ్రహమే మన పల్లెను, భూకేంద్రమును ఏకకాలమున చూడవలెను. స్టార్‌లింక్ ఉపగ్రహములైతే లేజరు కాంతిచే తోటి ఉపగ్రహమునకు వార్త నందించును. పూర్వము తపాలా బంట్రోతులు అంచెలంచెలుగ సంచిని చేతులు మార్చినట్లే యిది. శూన్యమున కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. గాజుతీగలో సుమారు 2 లక్షలే. కావున దూరదేశములకు ఈ త్రోవ వడిగలది.

ఈ అంచెవలన మనకేమి? 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమకును, బాపట్ల ప్రాంతమునకును వార్తామార్గములు తెగిపోవుట పెద్దలు మఱచియుండరు. తీరపు భూకేంద్రము తుపానువాత పడినను, అంచె గల ఉపగ్రహము తుపాను లేని చోటి కేంద్రమునకు మాట చేర్చగలదు.

కాని మూడు సంగతులు మఱువరాదు. పళ్లెమునకు ఆకాశము అడ్డులేక కనబడవలెను. వేపచెట్టు క్రింద పనికిరాదు. దట్టమైన వాన తరంగమును బలహీనపఱచును. కరెంటు లేనిదే పళ్లెము పలుకదు. స్టార్‌లింక్ వారికి 2025 జూన్‌లో మన టెలికాం శాఖ లైసెన్సు నిచ్చినది. ఏ పంచాయతీయైనను ఇట్టి పళ్లెమును కొనదలచినచో, సూర్యరశ్మి పలకను, బ్యాటరీని కూడ కొనవలెను. ఆ బ్యాటరీని తుపాను దినములకు ముందే నింపియుంచు మనుష్యుని ఒకని నియమింపవలెను. మింటి అంచెలు ఎన్ని యున్నను, మొదటి అంచె మన మిద్దెపైననే యున్నది.