పగలు తరిగితే మనసు కుంగునా?

శంషాబాద్ విమానాశ్రయానికి సమీపంలోని జల్‌పల్లిలో డిసెంబరు 21వ తేదీన సూర్యుడు ఉదయం సుమారు 6 గంటల 40 నిమిషాలకు ఉదయించి, సాయంత్రం సుమారు 5 గంటల 45 నిమిషాలకు అస్తమిస్తాడు. ఏడాదిలో అతి చిన్న పగలు ఇదే. అయినా అది 11 గంటలకు పైగానే ఉంటుంది. జూన్ 21నాటి అతి పెద్ద పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు. రెంటికీ తేడా కొంచెం హెచ్చుగా రెండు గంటలు. పంచాంగం లెక్కలో చెప్పాలంటే ఐదు ఘడియలు. అందుచేత చలికాలం వస్తే ఇక్కడివారు దుప్పట్లు వెదకుకుంటారు గాని, వెలుతురు కరవైనదని బాధపడరు.

ఈ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైనది. ఏటా ఆగస్టు ప్రాంతంలో ఎందరో తెలుగు విద్యార్థులు ఇక్కడినుండి అమెరికా, కెనడా, బ్రిటన్ దేశాలకు పైచదువులకై వెళుతుంటారు. చలిని గురించి వారికి అందరూ హెచ్చరికలు చేస్తారు. ఉన్ని దుస్తులు, ఊరగాయలు కట్టి ఇస్తారు. పగటిని గురించి చెప్పేవారు మాత్రం అరుదు.

అక్షాంశం – పగలు

భూమి అక్షం సుమారు 23½ డిగ్రీలు వాలి ఉన్నది. ఈ వాలు వల్లనే పగలు పెరగడం, తరగడం జరుగుతున్నది. భూమధ్యరేఖ దగ్గర ఈ మార్పు దాదాపు కనబడదు. ఉత్తరానికి పోయినకొద్దీ అది హెచ్చవుతుంది. జల్‌పల్లి సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నది. చికాగో 42 డిగ్రీలలో, లండన్ 51½ డిగ్రీలలో ఉన్నాయి. డిసెంబరు చివర చికాగోలో పగలు సుమారు 9 గంటల 10 నిమిషాలు, లండన్‌లో సుమారు 7 గంటల 50 నిమిషాలు మాత్రమే. సెప్టెంబరులో హైదరాబాదులో పగలు రోజుకు ఒక నిమిషం చొప్పున తగ్గుతూ ఉంటే, చికాగోలో దాదాపు మూడు నిమిషాల చొప్పున తగ్గుతుంది. క్రిస్మస్ నాటికి అక్కడ సాయంత్రం నాలుగున్నరకు ముందే సూర్యాస్తమయం అవుతుంది. తెల్లవారకముందు తరగతికి పోయి, చీకటి పడ్డాక గదికి చేరే విద్యార్థికి ఎండ ముఖమే కనబడని రోజులు ఉంటాయి.

మెదడులోని గడియారం

వెలుతురు చూపుకోసమే కాదు. కంటిలోని నేత్రపటలంలో కొన్ని ప్రత్యేక కణాలున్నాయి. అవి బొమ్మలను చూపవు. వెలుగు ఉన్నదా లేదా అన్న వార్తను మెదడుకు అందజేస్తాయి. ఆ వార్తను అందుకొనేది మెదడు అడుగుభాగాన ఉన్న ఒక చిన్న కణపుంజం. అదే మన శరీరానికి గడియారం. నిద్ర, ఆకలి, ఒంటి వేడిమి దాని ఆజ్ఞననుసరించి నడుస్తాయి. చీకటిపడగానే దాని ప్రేరణ వల్ల పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే రసాన్ని స్రవిస్తుంది. ఉదయపు వెలుగు దానిని ఆపుతుంది. చాలామందిలో ఈ గడియారం 24 గంటలకంటె కొద్దిగా నెమ్మదిగా నడుస్తుంది. దానిని ప్రతిదినం సరిదిద్దేది ఉదయపు వెలుగే. తెల్లవారడం ఆలస్యమైతే ఆ సవరణ సరిగా జరగదు.

1984లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన నార్మన్ రోజెంతాల్, ఆయన సహచరులు ఏటా చలికాలంలో వచ్చి వసంతంలో పోయే కుంగుబాటును వర్ణించి, దానికొక పేరు పెట్టారు. దక్షిణాఫ్రికాలో పెరిగిన రోజెంతాల్ అమెరికా వెళ్ళిన తరువాత చలికాలంలో తనలో కలిగిన మార్పును స్వయంగా గమనించినవాడు. ఎండ దేశంనుండి ఉత్తరానికి పోయినవారి అనుభవం ఈ విధంగా శాస్త్రానికి ఉపకరించింది.

అయితే కారణం వెలుతురొక్కటే అనుకోరాదు. ఎంతో ఉత్తరాన ఉన్న ఐస్‌లాండు ప్రజలలో ఈ జబ్బు అమెరికా తూర్పు తీరంలోకంటె తక్కువని 1993లో తేలింది. వంశలక్షణాలకు, జీవన పరిస్థితులకు కూడా ఇందులో పాత్ర ఉండవచ్చును.

బద్ధకమా? జబ్బా?

దీని లక్షణాలు చూడండి: ఎంత నిద్రపోయినా తీరని మగత, తీపి పదార్థాలపైనా పిండి పదార్థాలపైనా మోజు, బరువు పెరగడం, చదువుపై మనసు నిలవకపోవడం, స్నేహితులను తప్పించుకొని తిరగడం, దేనియందూ ఆసక్తి లేకపోవడం. ఇంటికి ఫోను చేయడం కూడా తగ్గవచ్చు. దూరాన ఉన్న తల్లిదండ్రులకు ఇది సోమరితనంగానో, నిర్లక్ష్యంగానో తోస్తుంది. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. వాడు లేవనిది మనసు లేక కాదు. మనసే జబ్బుపడి ఉండవచ్చు.

వరుసగా కనీసం రెండేళ్ళు అదే ఋతువులో వచ్చిపోతేనే వైద్యులు దీనిని ఋతుసంబంధమైన కుంగుబాటుగా నిర్ణయిస్తారు. కనుక మొదటి ఏడు వెళ్ళిన విద్యార్థికి అప్పుడే ఆ పేరు పెట్టడానికి వీలులేదు. అది ఇంటిమీద బెంగ కావచ్చు, అప్పుల భయం కావచ్చు. కాని సహాయానికి రెండేళ్ళు ఆగనక్కరలేదు. దిగులు రెండు వారాలు విడవకుండా ఉంటే, పేరేదైనా సరే, వైద్యునికి చూపించాలి.

మన ప్రాంతంలో చలికాలపు వెలుతురు చాలినంత ఉన్నా, కుంగుబాటు లేదని కాదు. కొందరికి అది వేసవిలో వస్తుంది. వీరికి నిద్ర పెరగదు, తగ్గుతుంది, ఆకలి మందగిస్తుంది, చిరాకు హెచ్చుతుంది.

చికిత్స

చలికాలపు కుంగుబాటుకు వెలుతురే ఒక మందు. వెలుతురును లక్సులలో కొలుస్తారు. ఇంటిలోని దీపాల వెలుగు సాధారణంగా కొన్ని వందల లక్సులు మాత్రమే. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సులకు చేరవచ్చు. మబ్బు పట్టిన పగలు కూడా గదిలోకంటె బయట వెలుగు ఎన్నోరెట్లు ఎక్కువ. కనుక ఉదయాన్నే అరగంట బయట నడవడం మేలు. చికిత్సకు వాడే ప్రత్యేక దీపం 10,000 లక్సుల వెలుగునిస్తుంది. నిద్ర లేవగానే దాని ఎదుట అరగంటసేపు కూర్చుంటారు. దీపంవైపు సూటిగా చూడనక్కరలేదు. కంటి జబ్బులున్నవారు, మితిమీరిన ఉత్సాహమూ కుంగుబాటూ మారిమారి వచ్చేవారు వైద్యుని సలహా లేకుండా దీనిని వాడరాదు. ఆలోచనల తీరును మార్చే సంభాషణ చికిత్స, మందులు కూడా ఉన్నాయి.

చనిపోవాలనే ఆలోచన వస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయరాదు. భారతదేశంలో 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నెంబరుపైన, అమెరికాలో 988 నెంబరుపైన ఫోను చేయవచ్చును.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పని చేయించవచ్చు. పంచాంగంనుండి నెలకొక తేదీ చొప్పున సూర్యోదయ సూర్యాస్తమయాలు తీసి, పగటి నిడివిని గళ్ళకాగితంపై గుర్తించమనండి. దానిపైనే లండన్, చికాగోల రేఖలు కూడా గీయించండి. రేపు విమానం ఎక్కబోయే విద్యార్థి ఆ రేఖలు ఎక్కడ దిగజారుతున్నవో ముందే చూసి ఉంటే, ఆ నెలల్లో తనకు కలిగే మగతను తన చేతగానితనమని భావించడు. ఉదయపు నడకను, వైద్యుని సలహాను వేళకు గుర్తుచేసుకుంటాడు.