కంప్యూటరుకు హోరు ఎట్లు పుట్టును?

చిన్నారులారా, ఢిల్లీలోని లక్ష్మీ నగర్‌లో మెట్రో పోవునప్పుడు ఫోనులో అమ్మమ్మ కంఠము హోరులో మునిగిపోవును గదా; ఆ హోరును వడకట్టు సాఫ్ట్‌వేరును పరీక్షించుటకు, చెప్పినదే చేయు కంప్యూటరు క్రమములేని హోరును ఎట్లు కల్పించును? పాలకు తోడువలె దానికొక ‘విత్తు’ సంఖ్య కావలెను. 1తో మొదలిడి, 7తో గుణించి, 11తో భాగించి, మిగిలిన శేషమును మరల గుణించుచు పొండు: 7, 5, 2, 3, 10... ఈ సంఖ్యలనే ధ్వని హెచ్చుతగ్గులుగ మార్చిన హోరగును. కాని పదవ అడుగున 1 తిరిగి వచ్చి, అదే వరుస మరల మొదలగును. కావుననే నిజమైన పనికి మిక్కిలి పెద్ద సంఖ్యలు వాడుదురు. అదే విత్తునకు ఎల్లప్పుడు అదే వరుస కనుక, రెండు వడపోతలను ఒకే హోరుతో న్యాయముగ పోల్చవచ్చును. హోరును ఇయర్‌ఫోనులో వినిపించునప్పుడు ఎడమ కుడి చెవులకు మాత్రము వేఱు విత్తులు వేయవలెను. లేనిచో రెండు హోరులును ఒక్కటై తలనడుమ మ్రోగును. ఈ లెక్కలో 0 వేసితిరా, వేయించిన గింజవలె అది ఎన్నటికిని మొలవదు.