కాడెద్దులు, కంకి కొడవలి: 1955 ఎన్నికలపై అపోహలు – వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ప్రపంచం రెండు శిబిరాలుగా చీలిన కథ చెప్పేటప్పుడు బెర్లిన్, కొరియా, క్యూబా పేర్లు తప్పకుండా వస్తాయి. కర్నూలు పేరు మాత్రం రాదు. కానీ 1955 ఫిబ్రవరిలో కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రం వైపు మాస్కో, వాషింగ్టన్ రెండూ చూశాయి. ఆ రాష్ట్రానికి అప్పటికి ఏడాదిన్నర వయసు కూడా లేదు. జనాభా రెండు కోట్లు. ఒకప్పుడు తెలంగాణలో తుపాకీ పట్టిన పార్టీ ఇక్కడ ఓటు పెట్టెల దారిలో అధికారానికి అందేంత దగ్గరకు వచ్చింది. ఆసియాలో ఓ పేద వ్యవసాయ రాష్ట్రం కమ్యూనిజాన్ని ఓటు వేసి తెచ్చుకుంటుందా, కాదంటుందా అన్న ప్రశ్నకు నాటి ఆంధ్ర జవాబు చెప్పాల్సి వచ్చింది. ఆ జవాబు గురించి డెబ్బై ఏళ్లుగా చెప్పుకొంటున్న మాటల్లో సగం నిజాలు చాలా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా సరిచూస్తే తేలేది ఒకటే: ఆ ఫలితం ఏ విదేశీ రాజధానిలోనూ తయారు కాలేదు, ఇక్కడి పొత్తులు, ఇక్కడి లెక్కలు, ఇక్కడి కష్టాలే దాన్ని తేల్చాయి.

అపోహ 1: అది ఒక చిన్న రాష్ట్రంలో కల్లు గొడవతో వచ్చిన మధ్యంతర ఎన్నిక, ప్రపంచ రాజకీయాలతో సంబంధం లేదు.

వాస్తవం: ఎన్నికకు తక్షణ కారణం మద్యనిషేధమే. నిషేధంపై రామమూర్తి కమిటీ నివేదిక విషయంలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం వచ్చింది. 1954 నవంబరు 6న కర్నూలు శాసనసభలో ఒకే ఒక్క ఓటు తేడాతో అది నెగ్గింది. ప్రభుత్వం పడిపోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. అయితే తక్షణ కారణం వేరు, అసలు పందెం వేరు. 1952లో ఉమ్మడి మద్రాసు శాసనసభకు ఆంధ్ర ప్రాంతం నుంచి ఎన్నికైన 140 మందిలో కాంగ్రెస్ వారు, కమ్యూనిస్టులు చెరో నలభై మంది, కొంచెం అటూ ఇటూగా. అప్పటికి తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించి కొద్ది నెలలే అయింది. అలాంటి చోట మళ్లీ ఎన్నిక అంటే, కమ్యూనిస్టు ముఖ్యమంత్రి రావడం ఊహకందని మాట కాదు. కాంగ్రెస్ అధిష్ఠానం ప్రచార బాధ్యతలు చూడటానికి బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్‌ను పంపింది. ఎన్నిక ముగిసిన మరుసటి ఏడాదే అమెరికాలోని రాజనీతి శాస్త్ర పత్రికలో సెలిగ్ హారిసన్ ఆంధ్ర కమ్యూనిస్టుల మీద సుదీర్ఘ వ్యాసం రాశారు. కల్లు గొడవ మీద అంత శ్రద్ధ ఎవరూ పెట్టరు. ఇక్కడ ఇంకో చిన్న సవరణ కూడా అవసరం. ప్రపంచంలో ఓట్లతో ఏర్పడిన మొదటి కమ్యూనిస్టు ప్రభుత్వం 1957 నాటి కేరళదే అని తరచు వింటాం. ఇటలీ నడిమధ్య ఉన్న శాన్ మరీనో అనే బుల్లి దేశంలో కమ్యూనిస్టులు, సోషలిస్టులు కలిసి 1945 నుంచే ఓట్లతో పాలించారు. పెద్ద రాజ్యాల పోరులో చిన్న చోట్ల ప్రజలు తమ దారి తామే వెతుక్కున్న సందర్భాలు మనం అనుకునే దానికన్నా ఎక్కువ.

అపోహ 2: ఆంధ్ర ప్రజలు కమ్యూనిజాన్ని తిరస్కరించారు, 1955తో ఆ పార్టీ పని అయిపోయింది.

వాస్తవం: సీట్లు మాత్రమే చూస్తే ఆ మాట నిజమనిపిస్తుంది. 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు దక్కినవి 15. కాంగ్రెస్‌కు 119, ఎన్.జి. రంగా నాయకత్వంలోని కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5, మొత్తం ఐక్య కాంగ్రెస్ కూటమికి 146. ఓట్లు చూస్తే బొమ్మ మారుతుంది. కమ్యూనిస్టులకు పడ్డవి 31 శాతం పైచిలుకు, ఒక్క కాంగ్రెస్ పార్టీకి పడ్డవి 39 శాతం పైచిలుకు. ఓట్ల దామాషాలో సీట్లు వచ్చి ఉంటే కమ్యూనిస్టులకు అరవై దాకా రావాలి. మూడేళ్ల ముందు ఐదో వంతుకు కాస్త పైన ఉన్న ఓట్ల వాటా మూడో వంతుకు చేరువైనా, సీట్లు నలభై నుంచి పదిహేనుకు పడిపోయాయి. కారణం పోటీ తీరు మారడమే. 1952లో కాంగ్రెస్, ప్రజా పార్టీ, రంగా పార్టీ, సోషలిస్టులు ఎవరికి వారే పోటీ చేయగా, చీలిన ఓట్ల నడుమ కమ్యూనిస్టులు గట్టెక్కారు. 1955లో వారికి ఎదురుగా ఒకే కూటమి నిలబడింది. ముక్కోణపు, చతుర్ముఖ పోటీలు సూటి పోటీలయ్యాయి.

అయితే ఈ లెక్కనూ మరీ సాగదీయకూడదు. కమ్యూనిస్టుల బలం పెరిగినా ఎన్నికల పద్ధతి వారికి అన్యాయం చేసిందని వాదించేవారు ఒక సంగతి వదిలేస్తున్నారు. 1952లో కమ్యూనిస్టులు ఆంధ్రలో అరవై చోట్ల మాత్రమే నిలబడ్డారు. 1955లో దాదాపు రాష్ట్రమంతా పోటీ చేశారు. పోటీ చేసిన చోట్లు రెండున్నర రెట్లు దాటినప్పుడు మొత్తం ఓట్ల వాటా పెరగడం సహజం. పైగా మిత్రపక్షాలను కలుపుకుంటే కూటమికి దాదాపు సగం ఓట్లు పడ్డాయి. కాబట్టి సరైన తీర్పు ఈ రెంటికీ మధ్య ఉంది. ప్రజల్లో ఎక్కువ మంది కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని కోరుకోలేదు, కానీ ప్రతి పది మందిలో ముగ్గురు కోరుకున్నారు. పార్టీ పని అయిపోయిందన్న మాట కూడా నిలవదు. తెలంగాణ కలిశాక 1962లో జరిగిన ఎన్నికల్లో అదే పార్టీ ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 51 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షంగా కూర్చుంది. దాన్ని నిజంగా దెబ్బతీసింది 1964లో వచ్చిన చీలిక.

అపోహ 3: కమ్యూనిజం కృష్ణా, గుంటూరు డెల్టా వ్యవహారం, రాయలసీమకు దానితో పని లేదు.

వాస్తవం: డెల్టాలో ఆ పార్టీకి పట్టు ఎక్కువ, అది నిజం. కానీ 1952 తొలి లోక్‌సభకు కడప జిల్లా ఎన్నుకున్నది కమ్యూనిస్టు అయిన ఎద్దుల ఈశ్వరరెడ్డిని. 1962లో, 1967లో, 1971లో కూడా అదే కడప ఆయనను ఢిల్లీకి పంపింది. పక్కనే అనంతపురంలో 1952లో తరిమెల నాగిరెడ్డి తన బావ నీలం సంజీవరెడ్డిని ఓడించారు. ఆ సంజీవరెడ్డే తర్వాత ముఖ్యమంత్రి, రాష్ట్రపతి అయ్యారు. 1957లో అనంతపురం నాగిరెడ్డిని లోక్‌సభకు పంపింది. సీమ అంటే ముఠా తగాదాలు, కులపెద్దల పెత్తనం తప్ప సిద్ధాంత రాజకీయం లేదనుకునేవారు ఈ పేర్లు ఒకసారి తలచుకోవాలి. కులం ప్రభావం లేదని ఎవరూ అనలేరు. హారిసన్ వ్యాసం ఆంధ్ర కమ్యూనిజాన్ని కమ్మ, రెడ్డి పోటీగానే ప్రధానంగా వివరించింది. ఆ వివరణ డెల్టాలో కొంతవరకు సరిపోవచ్చు. కానీ కమ్యూనిస్టు నాయకులు పుచ్చలపల్లి సుందరయ్య, నాగిరెడ్డి, ఈశ్వరరెడ్డి ఏ కులంలో పుట్టారో, వారికి ఎదురు నిలిచిన సంజీవరెడ్డి కూడా ఆ కులంలోనే పుట్టారు. ఒకే కులం, ఒకే బంధువర్గం రెండు జెండాల కింద విడిపోయిన చోట కులం ఒక్కటే అన్నింటికీ తాళంచెవి కాలేదు.

సీమలో ఆ ఓట్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే కరువు వైపు చూడాలి. 1951–52లో వానలు మొహం చాటేస్తే కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాల్లో ప్రభుత్వం గంజి కేంద్రాలు తెరవాల్సి వచ్చింది. బావులు లోతు చేయడానికి సైన్యాన్ని దింపింది. కర్నూలు–కడప (కేసీ) కాలువ కింద నాలుగు ఎకరాలున్నవాడికీ, దానికి దూరంగా వాన కోసం ఆకాశం వైపు చూసే మెట్ట రైతుకూ, కూలికీ రాజకీయం ఒకేలా కనబడదు. తిండిగింజల ధర, సర్కారు ఇచ్చే తక్కావి అప్పు, బీడు భూమి, కూలి రేటు గురించి అడిగే పార్టీని ఇక్కడి పేదవాడు కార్ల్ మార్క్స్ కోసం ఎంచుకోలేదు, తన కడుపు కోసం ఎంచుకున్నాడు. అదే సీమలో కాంగ్రెస్‌ను ఎంచుకున్నవాడికీ తనదైన కారణం ఉంది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో సీమకు ఇచ్చిన మాట ప్రకారం రాజధాని కర్నూలుకు వచ్చింది. 1953లో ఆ విషయం తేల్చేటప్పుడు కమ్యూనిస్టులు విజయవాడ–గుంటూరు వైపు నిలిచారు. ఆనాడు ప్రతి అభ్యర్థికీ తన గుర్తు అంటించిన వేరే పెట్టె ఉండేది. కాంగ్రెస్ కాడెద్దుల పెట్టెలో వేసినవాడు, కమ్యూనిస్టుల కంకి కొడవలి పెట్టెలో వేసినవాడు ఇద్దరూ పొలం గుర్తు చూసే వేశారు, పొలం బాధే మనసులో పెట్టుకుని వేశారు.

అపోహ 4: కమ్యూనిస్టులను మాస్కో నడిపించింది.

వాస్తవం: మాస్కో మాటకు విలువ లేదని చెప్పడం చరిత్రకు అన్యాయమే. 1951 మొదట్లో పార్టీ నాయకులు చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. సాయుధ పోరాట విరమణ వెనుక ఆ చర్చల ప్రభావం ఉంది. కానీ నాలుగేళ్ల తర్వాత జరిగింది చూడండి. 1955 జనవరి 26న, ఆంధ్రలో ప్రచారం జోరుగా సాగుతున్న రోజుల్లో, సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ ప్రచారకులు దాన్నే అస్త్రంగా వాడుకున్నారు. మీ మాస్కోనే మా నెహ్రూను మెచ్చుకుంటుంటే మీరు ఎందుకు తిడుతున్నారని అడిగితే కామ్రేడ్ల దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఫిబ్రవరి 2న భిలాయి ఉక్కు కర్మాగారంపై భారత్, సోవియట్ దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. ఆ నెలలోనే ఆంధ్ర ఓట్లు వేసింది. అమెరికా 1954లో పాకిస్తాన్‌తో సైనిక ఒప్పందం చేసుకున్నాక ఢిల్లీని తన వైపు ఉంచుకోవడం సోవియట్ ప్రభుత్వానికి ముఖ్యమైంది. కర్నూలులో ఒక కమ్యూనిస్టు ముఖ్యమంత్రి కన్నా ఢిల్లీలో నెహ్రూ స్నేహం దానికి విలువైనది. పెద్ద రాజ్యం తన అవసరం చూసుకుంది, దాని పేరు మోసిన ఇక్కడి కార్యకర్త ఖర్చు భరించాడు.

అపోహ 5: డాలర్లు కుమ్మరించి అమెరికా గెలిపించింది.

వాస్తవం: ఈ వాదన చేసేవారు ఢిల్లీలో అమెరికా రాయబారిగా పనిచేసిన డేనియల్ మొయినిహాన్ 1978 నాటి పుస్తకాన్ని ఉదహరిస్తారు. కాంగ్రెస్‌కు అమెరికా డబ్బు రెండుసార్లు అందిందని ఆయన రాసిన మాట నిజమే. అయితే ఆయన చెప్పిన రెండు చోట్లు కేరళ, పశ్చిమ బెంగాల్. ఆంధ్ర అందులో లేదు. డబ్బు మాట పక్కన పెట్టినా, ఫలితాన్ని వివరించడానికి అది అవసరం లేదు. విడిపోయిన మూడు పార్టీలు ఒక్కటైతే సీట్ల లెక్క ఎలా మారుతుందో పైన చూశాం. ఆ ఐక్యతను ఏ రాయబార కార్యాలయమూ కుట్టలేదు. 1951లో కాంగ్రెస్‌ను వీడి వెళ్లిన రంగా, కాంగ్రెస్‌తో విభేదించి మళ్లీ దాని మద్దతుతోనే ముఖ్యమంత్రి అయిన ప్రకాశం, ఎన్నికల తర్వాత 1955 మార్చి 28న ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి, ఆయన పక్కన ఉపముఖ్యమంత్రిగా నిలిచిన సంజీవరెడ్డి, వీరి మధ్య ఉన్న పాత పగలను అధికారం చేజారుతుందన్న భయం మరిపించింది. దీన్ని విదేశీ హస్తంగా చెప్పడమంటే, తెలుగు నాయకుల తెలివినీ తెలుగు ఓటరు విచక్షణనూ తక్కువ చేయడమే.

అపోహ 6: ఓడిన పక్షం ఓట్లు వృథా అయ్యాయి.

వాస్తవం: 1955 జనవరిలో మద్రాసు పక్కన ఆవడిలో కాంగ్రెస్ మహాసభ సోషలిస్టు తరహా సమాజమే తన లక్ష్యమని తీర్మానించింది. ఆంధ్ర ఎన్నికలకు నెల ముందు, ఆంధ్ర గుమ్మంలో జరిగిన సభ అది. ఆ తీర్మానానికి ఆంధ్ర ఒక్కటే కారణం అనడం అతిశయోక్తి. ప్రణాళికల ఆలోచన నెహ్రూకు ముందు నుంచే ఉంది. కానీ పేదవాడి ఓటు ఎర్రజెండా వైపు వెళ్లిపోతుందన్న భయం లేకపోతే ఆ తీర్మానానికి అంత వేగం వచ్చేది కాదు. అంతకుముందు 1951 ఏప్రిల్‌లో వినోబా భావే భూదానం పోచంపల్లిలో మొదలవడానికీ నేపథ్యం తెలంగాణ రైతు పోరాటమే. ప్రజాస్వామ్యంలో మూడో వంతుకు దగ్గరగా ఉన్న ప్రతిపక్షపు ఓటు గెలిచినవాడి విధానాన్ని కూడా దిద్దుతుంది. కమ్యూనిజం, ప్రజాస్వామ్యం పోటీ పడిన చోట్ల చాలా దేశాల్లో తుపాకులే చివరి మాట చెప్పాయి. కర్నూలు రాజధానిగా ఉన్న రాష్ట్రంలో రెండు పక్షాలూ ఓటు పెట్టెల లెక్కకు తలవంచాయి. ఓడినవారు మళ్లీ అడవికి పోలేదు, ప్రతిపక్షంలో కూర్చున్నారు.

సీమ మాత్రం ఆ పోటీలో తనకు రావాల్సింది పూర్తిగా రాబట్టుకోలేకపోయింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది. కృష్ణా నీళ్లను పెన్నకు కలపాలన్న పథకం పక్కకు పోయి 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. కాబట్టి ఆ ఎన్నికను మాస్కో ఓటమిగానో, వాషింగ్టన్ గెలుపుగానో పిల్లలకు చెప్పవద్దు. కరువు కాటుకు గురైన ఒక చిన్న రాష్ట్రం తన తగువును తానే ఓటుతో తీర్చుకున్న సంగతిగా చెప్పండి. ఆనాడు రెండు పెట్టెల్లో ఓటు వేసినవారంతా అడిగినవి నీళ్లు, పని. కర్నూలు, కడప జిల్లాల మెట్ట పొలాలు ఇప్పటికీ అవే అడుగుతున్నాయి.