గుండెలో మంట – గుండెపోటు : తేడా తెలుసుకోండి

కొన్ని సంవత్సరాల క్రితం ఒక రాత్రి, కార్ఖానాలోని మా ఇంటికి పొరుగున ఉండే ఒక పెద్దమనిషి వచ్చారు. "వైద్యులుగారూ, పెళ్ళిభోజనం పడలేదు. గుండెల్లో ఒకటే మంట. ఏదైనా చూర్ణం ఇప్పించండి" అన్నారు. నాడి చూద్దామని చేయి పట్టుకుంటే చల్లగా, చెమటతో తడిసి ఉంది. ఎడమ దవడ కూడా లాగుతున్నదన్నారు. నేను చూర్ణం ఇవ్వలేదు. వెంటనే ఆసుపత్రికి పంపించాను. అది గుండెపోటేనని అక్కడ తేలింది. సకాలంలో చేరినందువల్ల ఆయన బ్రతికి బయటపడ్డారు.

'గుండెమంట' అనే మాటలోనే ఈ పొరపాటుకు మూలమున్నది. నిజానికి ఆ మంట పుట్టేది గుండెలో కాదు, గుండెకు వెనుకగా సాగే అన్నవాహికలో. అన్నవాహిక జీర్ణాశయంతో కలిసేచోట ఒక కండరాల వలయం ఉంటుంది. ఆహారం దిగిన తరువాత అది మూసుకొని ఉండాలి. అది సడలినప్పుడు జీర్ణాశయంలోని ఆమ్లరసం పైకి ఎగదన్నుతుంది. ఆ ఆమ్లానికి తట్టుకొనే పొర జీర్ణాశయానికున్నంతగా అన్నవాహికకు లేదు. అందుకే మంట.

ఆయుర్వేదంలో ఈ లక్షణం ఆమ్లపిత్త వ్యాధిలో కనిపిస్తుంది. మాధవనిదానం ఆమ్లపిత్తాన్ని ఊర్ధ్వగం, అధోగం అని రెండు విధాలుగా చెప్పింది. ఆహారం అరగకపోవడం, అలసట, వికారం, చేదుగానో పుల్లగానో త్రేన్పులు రావడం, ఒళ్ళు బరువెక్కడం, రొమ్ములోనూ గొంతులోనూ మంట, అరుచి – ఇవి దాని లక్షణాలు.

సాధారణమైన గుండెమంటను ఇలా గుర్తించవచ్చును. భోజనమైన కొంతసేపటికి రొమ్ము ఎముక వెనుక మంట మొదలై గొంతువైపు ప్రాకుతుంది. వంగినా, పడుకున్నా ఎక్కువవుతుంది. లేచి కూర్చుంటే తగ్గుతుంది. నోటిలో పులినీళ్ళు ఊరుతాయి. కొందరిలో పొడిదగ్గు, ఉదయం గొంతు బొంగురు కూడా ఉంటాయి.

గుండెపోటు తీరు వేరు. ఛాతీపై బరువు పెట్టినట్లు, బిగించి పట్టినట్లు ఉంటుంది. నొప్పి భుజానికి, చేతికి, దవడకు, వీపుకు ప్రాకవచ్చును. చల్లని చెమట, ఆయాసం, తలతిరుగుడు తోడవుతాయి. నడిచినా, మెట్లెక్కినా నొప్పి హెచ్చడం గుండెజబ్బుకు సూచన. స్త్రీలలోను, మధుమేహ రోగులలోను ఇవేవీ స్పష్టంగా ఉండకపోవచ్చును. త్రేన్పు వచ్చి కాస్త హాయి అనిపించినా గుండెజబ్బు లేదని నిశ్చయించుకోరాదు. అనుమానం కలిగితే సోడా త్రాగి వేచి ఉండకండి. 108కి ఫోను చేయండి. ఇ.సి.జి. తీయించి గుండె క్షేమమని తెలుసుకొన్న తరువాతే ఆమ్లపిత్తం మాట.

గుండె క్షేమమని తేలితే మొదటి ఔషధం పథ్యమే. రాత్రి భోజనం నిద్రకు మూడు గంటల ముందే, కొంచెం ఆకలి మిగిలి ఉండగానే ముగించాలి. ఆవకాయ, మిరపకాయ బజ్జీలు, బాగా పులిసిన పెరుగు, పదేపదే త్రాగే ఇరానీ చాయ్, పొగాకు మానాలి. మంచానికి తలవైపు కోళ్ళ క్రింద ఇటుకలు పెట్టి సుమారు ఆరంగుళాలు ఎత్తు చేయాలి. ఎడమవైపు తిరిగి పడుకోవడం మంచిది. రెండు చెంచాల ధనియాలను నలగగొట్టి రాత్రి గ్లాసు నీటిలో నానవేసి, ఉదయం వడకట్టి త్రాగడం మా సంప్రదాయంలో పిత్తశమనానికి వాడే గృహవైద్యం.

మంట వారానికి రెండుసార్లకు మించి వస్తున్నా, ముద్ద మింగుడు పడకున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తం వాంతి అయినా, మలం నల్లగా తారువలె ఉన్నా గృహవైద్యంతో కాలయాపన చేయకండి. వెంటనే వైద్యుని సంప్రదించండి.

ధనియాల నీరు రేపైనా త్రాగవచ్చును. గుండెకు మాత్రం రేపటి వరకు వ్యవధి ఉండకపోవచ్చును.